ఆగే హక్కు

2021 చివర్లో, కరోనా రెండో తాకిడి తగ్గి మళ్లీ ఒకరిళ్లకి ఒకరం వెళ్లడం మొదలుపెట్టిన రోజుల్లో, మా ఇంట్లో నలుగురు స్నేహితురాళ్లం కూచుని 'నోమాడ్‌లాండ్' సినిమా చూశాం. అందరం అరవైకి అటూ ఇటూగా ఉన్నవాళ్లం. ముగ్గురం పాఠాలు చెప్పి రిటైరైన వాళ్లం, ఒకరు ఇంకా చెబుతున్నవారు. నెవాడాలో ఒక జిప్సం ఫ్యాక్టరీ మూతబడితే దానితోపాటు ఊరే మూతబడుతుంది. భర్త పోయిన ఫెర్న్ ఒక వ్యాన్‌నే ఇల్లు చేసుకుని, ఏ కాలంలో ఎక్కడ పని దొరికితే అక్కడికి వెళ్తూ బతుకుతుంది. సినిమా అయిపోగానే ఒకరు "ఎంత స్వేచ్ఛ!" అన్నారు. ఇంకొకరు "ఎంత దిక్కులేనితనం!" అన్నారు. ఆ రెండు మాటల మధ్య రాత్రి పదింటి దాకా వాదించుకున్నాం. వండినవన్నీ చల్లారిపోయాయి.

నేను మొదటి పక్షం. దానికి కారణం సినిమా ఒక్కటే కాదు. పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ "ఈడ పిల్ల కాదు, ఆడ పిల్ల" అన్న మాట వింటూ పెరిగాను. పెళ్లితో ఇంటిపేరు మారింది కానీ ఆ ఇల్లు నాది కాలేదు. హైదరాబాదులో ఫ్లాటు కొన్నప్పుడు బ్యాంకు అప్పు ఇద్దరి జీతాల మీదా తీసుకున్నాం. తలుపు మీద బోర్డు మాత్రం ఆయన పేరుతో వచ్చింది. నన్ను తక్కువ చెయ్యాలని ఎవరూ అనుకోలేదు. ఇంకోలా పెట్టవచ్చని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. ఆయన పోయాక కూడా ఆ బోర్డు అలాగే ఉంది. అలాంటి నాకు, తాళంచెవి తన చేతిలో, బండి కాగితాలు తన పేరు మీద, ఈ ఊరు నచ్చకపోతే రేపు ఇంకో ఊరు అనగలిగే ఆడమనిషిని తెర మీద చూస్తే ఒళ్లు ఝల్లుమంది.

అసలు తిరిగే ఆడదాన్ని గురించి చెప్పడానికి మన భాషలో మంచి మాట ఏదైనా ఉందా? తిరిగే మగవాడు యాత్రికుడవుతాడు, పరివ్రాజకుడవుతాడు, మరీ కోపం వస్తే దేశదిమ్మరి అవుతాడు. ఆ మాటలో కూడా కాస్త ముద్దు ఉంటుంది. తిరిగే ఆడదానికి మాత్రం తిరుగుబోతు అన్న ఒక్క మాట సరిపోతుంది. అందుకే ఇల్లు విడిచి వెళ్లే స్త్రీ ఎక్కడ కనపడ్డా మనకి అది విముక్తిగా తోస్తుంది. 1927 నాటి చలం 'మైదానం' గురించి ఎన్ని దశాబ్దాలుగా మాట్లాడుకుంటున్నాం! రాజేశ్వరి ఇల్లు దాటి వెళ్లడం గురించి, శరీరం గురించి, నీతి గురించి వాదించుకున్నాం. ఆ మైదానంలో పొయ్యి మీదకి రోజూ ఏమొచ్చేది, ఎవరి సంపాదనతో వచ్చేది అన్న ప్రశ్న మన చర్చల్లో అంతగా వినపడలేదు. వర్జీనియా వుల్ఫ్ 1929లో రాసిన 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' విషయంలోనూ అంతే. రాసుకునే స్త్రీకి తనదైన గది కావాలన్న మాట మనందరికీ నోటికొచ్చు. గదితోపాటు ఏడాదికి 500 పౌండ్లు కూడా కావాలందన్నది వెంటనే గుర్తుకు రాదు. ఆ డబ్బు పుస్తకంలోని కథకురాలికి ఒక మేనత్త వీలునామా వల్ల వస్తుంది. ఆ మేనత్త బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయినావిడ. వలస పాలన నాటి మన దేశపు దుమ్ము ఆ గది గడప మీద కూడా కొంచెం ఉందన్నమాట.

గది మాట సరే, 500 పౌండ్ల మాటేమిటి అని నన్ను ఆలోచింపజేసింది 2023 సెప్టెంబరు చివర్లో కలిసిన ఒక స్త్రీ.

అప్పుడు నేను అమెరికాలో, మినియాపొలిస్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ఆకులు రంగు మారే కాలం కదా అని శని ఆదివారాలు కలిసొచ్చేట్టుగా చంటిపిల్లతో సహా ఇటాస్కా పార్కుకి వెళ్లాం. మిసిసిపీ నది పుట్టేది అక్కడే. రాళ్ల మీద అడుగులేసి నదిని దాటేయొచ్చు. ఉదయం పూట పిల్లని ఎత్తుకుని తిప్పుతుంటే క్యాంపు స్థలంలో ఒక పాత మోటార్ హోమ్ పక్కన కుర్చీ వేసుకుని ఒకావిడ మోకాలికి పట్టీ చుట్టుకుంటోంది. నా వయసే, లేదా రెండు మూడేళ్లు పెద్ద. పిల్లని చూసి పలకరించింది. ఇంగ్లీషులో మీరూ నువ్వూ ఒకటే గానీ, ఆవిడ మాట్లాడే తీరు నా చెవికి నువ్వు అన్నట్టే వినిపించింది. అలా రెండు రోజులు, పిల్ల నిద్రపోయినప్పుడల్లా వెళ్లి ఆవిడ దగ్గర కూచున్నాను.

తొమ్మిదేళ్లుగా ఆ బండే ఇల్లు. ఇలాంటి బండ్లని వాళ్లు ఆర్వీ అంటారు. మంచం, చిన్న వంటగట్టు, కుర్చీ అంత స్నానాలగది. ఎండాకాలమంతా పడమటి రాష్ట్రాల్లో ఒక అటవీ క్యాంపులో పని చేసి వచ్చింది. డబ్బు వసూలు చెయ్యడం, మరుగుదొడ్లు కడగడం, జనం వెళ్లిపోయాక నెగళ్లలో బూడిద ఎత్తిపొయ్యడం. ఇంకో రెండు మూడు రోజుల్లో రెడ్ రివర్ లోయలో బీట్ కోతకి చేరాలి.

బీట్ అంటే మన కూరలో వేసుకునే ఎర్ర దుంప కాదు, చక్కెర తీసే తెల్ల దుంప. మినెసోటా, నార్త్ డకోటా రాష్ట్రాల సరిహద్దులో ఆ నది వెంట వేల ఎకరాల్లో పండుతుంది. అసలు కోత అక్టోబరు మొదట్లో మొదలై రెండు మూడు వారాల్లో ముగియాలి. నేల గడ్డకట్టే లోపల దుంపలన్నీ బయటికి రావాలి. అలాగని ఎండ ఎక్కువైతే కోత ఆపేస్తారు, వేడెక్కిన దుంప కుప్పలో కుళ్లిపోతుంది కాబట్టి. చలికాలమంతా ఆ కుప్పలు ఆరుబయటే ఉంటాయి, ఆ చలే వాటికి గిడ్డంగి. లారీలు రాత్రీ పగలూ వస్తూనే ఉంటాయి కనక పని 12 గంటల చొప్పున రెండు షిఫ్టులు. లారీలోంచి దుంపలు పెద్ద యంత్రంలో పడతాయి, అది మట్టి దులిపి దుంపల్ని కుప్ప పోస్తుంది, దులిపిన మట్టిని లారీ మళ్లీ పొలానికి తీసుకుపోతుంది. లారీని సరైన చోట ఆపించడం, నమూనా దుంపల్ని సంచిలో పట్టడం, కిందపడ్డవాటిని పారతో ఎత్తడం ఆవిడ పని. చెవుల్లో హోరు, కాళ్ల కింద చల్లటి బురద. "మొదటి వారం చేతులు నావి కావు, రెండో వారం అలవాటవుతుంది, మూడో వారం చెక్కు వస్తుంది" అంది నవ్వుతూ.

ఇలాంటి పనులు ఎలా దొరుకుతాయని అడిగాను. ఇలా బతికేవాళ్ల కోసమే పనుల ప్రకటనలు వేసే పత్రికలున్నాయి. చలికాలంలో అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌జ్‌సైట్ అనే ఊరి చుట్టూ వేలాది ఆర్వీలు చేరతాయి. పని ఇచ్చేవాళ్లు కూడా అక్కడికే వచ్చి మాట్లాడుకుంటారు. తక్కినదంతా ఫోను మీద. ఏడాది మొత్తం ఒక పంచాంగంలా ఉంటుంది. ఎండాకాలం క్యాంపులూ వినోద ఉద్యానాలూ, శరత్తులో దుంపలు, డిసెంబరులో క్రిస్మస్ చెట్లమ్మే దుకాణాలు, తర్వాత ఎడారిలో రెండు మూడు నెలల విశ్రాంతి. అమెజాన్ కూడా 2008లో మొదలుపెట్టి చాలా ఏళ్లపాటు పండుగ అమ్మకాల కాలంలో గిడ్డంగి పనికి ఆర్వీల వాళ్లని ప్రత్యేకంగా పిలిపించుకుంది. ఆ పని గురించి జెస్సికా బ్రూడర్ 2017లో అచ్చయిన 'నోమాడ్‌లాండ్' పుస్తకంలో వివరంగా రాసింది. సినిమాకి ఆధారం ఆ పుస్తకమే. సిమెంటు నేల మీద రోజుకి మైళ్ల కొద్దీ నడిచే అరవై, డెబ్బయ్యేళ్ల వాళ్ల గురించీ, నొప్పి మాత్రలు ఉచితంగా ఇచ్చే గోడ పెట్టెల గురించీ అందులో ఉంది.

"చాలా ప్రకటనల్లో మొదటి మాటే జంట కావాలి అని ఉంటుంది" అందావిడ. క్యాంపుల్లో ఒక స్థలం ఇస్తే ఇద్దరి పని రావాలి కదా. ఆయన గడ్డి కోస్తాడు, మరమ్మతులు చేస్తాడు. ఆమె ఆఫీసు చూస్తుంది, మరుగుదొడ్లు కడుగుతుంది. ఇంటి చాకిరీలో ఉండే విభజనే ఇక్కడా ఉంది, ఇల్లు లేదంతే. ఒంటరి స్త్రీకి పని దొరకడం ఒక మెట్టు కష్టం, జీతం ఒక మెట్టు తక్కువ. కొన్నిచోట్ల అసలు జీతమే ఉండదు. వారానికి ఇన్ని గంటలు పని చేస్తే బండి ఆపుకునే స్థలం, నీళ్లు, కరెంటు, మురుగు గొట్టం ఇస్తారు. ఆ సదుపాయాలన్నిటినీ కలిపి వాళ్లు హుకప్స్ అంటారు.

ఈ 'జంట' అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. మరాఠ్వాడా నుంచి చెరకు కోతకి వెళ్లే కూలీలని 'కొయ్‌తా' లెక్కన కుదుర్చుకుంటారు. కొయ్‌తా అంటే కొడవలి. భార్యాభర్తలిద్దరూ కలిస్తే ఒక కొయ్‌తా. బయానా ఆ ఒక్క కొడవలికే, అది తీసుకునేది మగవాడు. నెలసరి వల్ల పని పోతుందనీ, పోతే జరిమానా కట్టాలనీ బీడ్ జిల్లాలో ఎందరో స్త్రీలు గర్భసంచులు తీయించుకున్న సంగతి 2019లో బయటికొచ్చింది. అదీ చక్కెరే, ఇదీ చక్కెరే. రెండు కష్టాలూ సమానమని నేననడం లేదు. ఆవిడకి బండి ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, పని నచ్చకపోతే వెళ్లిపోయే వీలుంది. కానీ నా ప్రశ్న మా నలుగురి వాదన గురించి. మహబూబ్‌నగర్ నుంచి మేస్త్రీ వెంట వలసపోయిన పాలమూరు కూలి స్త్రీల గురించి మనం వ్యాసాలు రాశాం, కథలు రాశాం. ఏనాడైనా "అది స్వేచ్ఛా, దిక్కులేనితనమా?" అని వాదించుకున్నామా? ఆ ప్రశ్న రాలేదు. జవాబు ముందే తెలుసనుకున్నాం. అది వలస, అంతే. ఒక తెల్ల స్త్రీ వ్యాన్‌లో పడుకుంటే అది తాత్విక సమస్య అయింది, 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకుంది. మొదటి వాళ్లకి కోరిక అనేది ఉండదని అనుకున్నాం. రెండో ఆవిడకి అవసరం అనేది ఉండదని అనుకున్నాం. రెండూ తప్పే.

ఆవిడకి అవసరం ఉంది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో రెండో రోజు సాయంత్రం చెప్పింది. అమెరికాలో ముసలితనపు ఆధారం 1935లో వచ్చిన సోషల్ సెక్యూరిటీ. ఆ పింఛను లెక్కకట్టేటప్పుడు మనిషి జీవితంలో ఎక్కువ సంపాదించిన 35 ఏళ్లు తీసుకుంటారు. 35 ఏళ్లు నిండకపోతే మిగిలిన ప్రతి ఏడూ సున్నాగా లెక్కలోకొస్తుంది. ఆవిడ పిల్లల కోసం ఎనిమిదేళ్లు, మంచాన పడ్డ తల్లి కోసం నాలుగేళ్లు ఉద్యోగం మానేసింది. మొత్తం పన్నెండు సున్నాలు. విడాకులు తీసుకున్న స్త్రీకి మాజీ భర్త సంపాదన మీద కొంత పింఛను రావాలంటే పెళ్లి కనీసం పదేళ్లు నిలవాలి. ఆవిడ పెళ్లి తొమ్మిదేళ్లు నిలిచింది. "ఇంకో ఏడాది దెబ్బలు తిని ఉంటే నెలకి కొన్ని వందల డాలర్లు వచ్చేవి" అంది. ఈసారి నవ్వలేదు. 2008 మాంద్యం తర్వాత వాయిదాలు కట్టలేక ఇల్లు పోయింది. అద్దె కడితే తిండి లేదు, తింటే అద్దె లేదు. అప్పుడు కొనుక్కుంది ఆ బండి.

స్త్రీలు ఇంట్లో చేసే పనికి విలువ లేదని మనం ఎప్పట్నుంచో అంటున్నాం. ఆ విలువలేనితనాన్ని ఒక ప్రభుత్వ శాఖ అంకెగా, అక్షరాలా సున్నాగా రాసి పెడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అయినా ఆవిడ "నేను కోరుకునే ఇలా ఉన్నాను" అంది. ఒకటికి రెండుసార్లు అంది. ఈ మాటని ఏం చెయ్యాలన్నదే నా అసలు సమస్య. స్త్రీ మాట నమ్మాలన్నది మన ఉద్యమం నేర్పిన మొదటి పాఠం. స్త్రీ కోరికల్ని కూడా పరిస్థితులే తయారుచేస్తాయన్నది రెండో పాఠం. చాలీచాలని బతుక్కి మనసు సర్దుకుని అదే కావాలనుకోవడం గురించి అమర్త్య సేన్, మార్తా నుస్‌బామ్ ఎంతో రాశారు. మొదటి పాఠం పట్టుకుంటే ఆవిడ చెప్పింది నిజం, ఇక మాట్లాడ్డానికేమీ లేదు. రెండో పాఠం పట్టుకుంటే, డెబ్బయ్యేళ్లు రాబోతున్న మనిషికి నీ మనసు నీకు తెలియదని చెప్పిన దాన్నవుతాను. మొదటిది చేతులు దులుపుకోవడం, రెండోది పెత్తనం.

ఇందులోంచి నన్ను బయటపడేసింది ఇంకో అమెరికన్ స్త్రీ జీవితం. 1936లో డొరోతియా లాంజ్ తీసిన 'మైగ్రంట్ మదర్' ఫొటో చాలామంది చూసే ఉంటారు. బఠాణీ కోతకొచ్చిన కూలీల గుడారం, చెంపకి చెయ్యి ఆనించుకున్న తల్లి, చెరో భుజం మీద మొహం దాచుకున్న పిల్లలు. ఆవిడ ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్, చెరోకీ స్త్రీ. ఆమె ఎవరో లోకానికి తెలిసింది 1970ల చివర్లో. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగినా తనకి దమ్మిడీ రాలేదన్న బాధ ఆమెకి ఉండేది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక కాలిఫోర్నియాలోని మొడెస్టోలో ఆమెకి ఇల్లు కొనిపెట్టారు. కొన్నాళ్లుండి, ఆవిడ ఆ ఇల్లు వద్దని మళ్లీ మొబైల్ హోమ్‌కే వెళ్లిపోయింది. 1983లో చనిపోయింది.

1936లో ఆ గుడారంలోనూ ఆమె ఉంది, 1970లలో ఆ మొబైల్ హోమ్‌లోనూ ఆమె ఉంది. బయటి నుంచి చూస్తే రెండూ ఇల్లు లేని బతుకులే. కానీ రెండోసారి ఆమె వెనక ఒక ఇల్లుంది, తలుపు తెరిచే ఉంది. అది వద్దనుకుని వచ్చింది. అందుకని రెండోదాన్ని ఎంపిక అనడానికి నాకు ఏ సందేహమూ లేదు. మొదటిదాన్ని అననివ్వదు. మనిషి మనసులోకి తొంగిచూసి నీ కోరిక అసలుదా నకిలీదా అని తేల్చే పని మనది కాదు. ఆమె ఆగాలనుకుంటే ఆగగలదా అని మాత్రం అడగొచ్చు. అది ఆమెని అడగాల్సిన ప్రశ్న కూడా కాదు, ఆమె చుట్టూ ఉన్న చట్టాన్నీ జీతాన్నీ రోడ్డునీ అడగాల్సిన ప్రశ్న.

ఇలా అడిగితే సినిమాకీ పుస్తకానికీ ఉన్న తేడా కూడా అర్థమైంది. సినిమాలో ఫెర్న్‌ని తోబుట్టువు తనతో ఉండమంటుంది, స్నేహితుడు తన కొడుకు ఇంట్లో ఉండిపొమ్మంటాడు. ఆమె రెండూ వద్దనుకుని రోడ్డెక్కుతుంది. అంటే ఆమెకి రెండు తలుపులు తెరిచి, ఆ తర్వాతే సినిమా ఆమెని స్వేచ్ఛాజీవిని చేసింది. పుస్తకంలో ముఖ్యంగా కనపడే లిండా మే అలా కాదు. సినిమాలోనూ ఆమె తన పేరుతోనే నటించింది. పుస్తకంలో ఆమె కల తిరగడం కాదు, ఆగడం. పాత టైర్లతో, మట్టితో తన చేతులతో కట్టుకునే ఇల్లు. క్యాంపుల్లో, గిడ్డంగిలో పని చేస్తూ ఆ కల కాగితాలు వెంట మోసుకు తిరిగి, చివరికి అరిజోనాలో చవకగా దొరికిన ఐదెకరాల ఎడారి నేల కొనుక్కుంటుంది. సంచారి అని మనం మెచ్చుకున్న మనిషి కోరుకున్నది ఎవరూ లేపలేని ఒక చోటు.

ఎందుకంటే ఆగడం అంత సులువు కాదు. అమెరికాలో ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల ఉచితంగా బండి ఆపుకోవచ్చు, కానీ మామూలుగా 14 రోజులే. ఆ తర్వాత కదలాలి. ఊళ్లలో అయితే రాత్రిపూట తలుపు మీద పోలీసు చెయ్యి పడుతుందన్న భయం. ఇది మా సంభాషణ జరిగిన మరుసటి ఏడాది, 2024 జూన్‌లో, ఇంకా బిగిసింది. ఒరెగాన్‌లోని గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసులో, పడుకోవడానికి వేరే చోటు లేనివాళ్లని కూడా బయట పడుకున్నందుకు శిక్షించడం రాజ్యాంగ విరుద్ధం కాదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఊరి నిబంధన కింద వాహనంలో పడుకోవడం కూడా వస్తుంది. ఆవిడ చిరునామా సౌత్ డకోటాలో ఒక ఉత్తరాల సంస్థది. అక్కడ ఒక్క రాత్రి బస చేసిన రసీదు చూపిస్తే డ్రైవింగ్ లైసెన్సు ఇస్తారు. 2023లో ఆ రాష్ట్రం, ఓటు కావాలంటే అక్కడ 30 రోజులు నివసించి ఉండాలని చట్టం మార్చింది. నిలకడగా ఒకచోట ఉండలేని మనిషికి ఓటు కూడా నిలకడగా ఉండదు.

తిరగడం కూడా అందరిదీ కాదు. ఈ బతుకుల్లో ఎక్కువమంది తెల్లవాళ్లే ఎందుకున్నారన్న ప్రశ్న బ్రూడర్ వేసింది. చీకటి రోడ్డు పక్కన బండి ఆపి పడుకున్న తెల్ల ముసలావిడ కిటికీ తట్టే పోలీసు వేరు, నల్ల స్త్రీ కిటికీ తట్టే పోలీసు వేరు. నల్లవాళ్లు ఏ ఊళ్లో ఆగితే క్షేమమో చెప్పడానికే 1936 నుంచి మూడు దశాబ్దాలపాటు 'గ్రీన్ బుక్' అని ఒక పుస్తకం అచ్చు వెయ్యాల్సి వచ్చిన దేశం అది. కాలానికొక పంట కొయ్యడానికి మెక్సికో నుంచి వీసా మీద వచ్చే కూలీలకి యజమాని ఇల్లు ఇవ్వాలి. ఆ వీసా ఆ యజమానితోనే ముడిపడి ఉంటుంది. వాళ్లకి చోటుంది, కదిలే వీలు లేదు. ఆవిడకి కదిలే వీలుంది, చోటు లేదు.

బయల్దేరే రోజు పొద్దున ఆవిడ నన్ను అడిగింది. "నా గురించి అంతా చెప్పించుకున్నావు. నువ్విక్కడ ఏం చేస్తుంటావు?"

మా అమ్మాయి పురిటికి వచ్చాననీ, ఆరు నెలలుండి వెళ్తాననీ, వంట, పిల్లపని చూస్తాననీ చెప్పాను. అంతకుముందు మా అబ్బాయి కూతురు పుట్టినప్పుడు బెంగుళూరులో ఏడాదిన్నర ఉన్నాననీ, ఎవరికి అవసరమైతే వాళ్ల దగ్గరికి వెళ్తుంటాననీ చెప్పాను. ఎంతిస్తారు అని అడిగింది. మా దేశంలో అలా ఇవ్వరు, కన్నతల్లిని కదా అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి "అంటే నీది కూడా హుకప్స్‌కి పనే" అంది.

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. కారెక్కాక నాకు నవ్వు రాలేదు.

ఈ ముప్ఫయ్యేళ్లలో ఎన్ని వేల మంది తెలుగు అమ్మలు ఆవకాయ జాడీలు, శొంఠి పొడి మూటకట్టుకుని ఇలా వెళ్లొచ్చారో! పురుడు ఒక సీజను, పిల్లల బడి సెలవులు ఒక సీజను. సూట్‌కేసే బీరువా. కారు నడపడం రాదు కనక గడప దాటలేం. విజిటర్ వీసా మామూలుగా ఆరు నెలలు, వాళ్ల 14 రోజుల్లాగే అదీ ఒక గడువు. ఇది పిల్లల మీద ఫిర్యాదు కాదు. మా అమ్మాయి పరిస్థితి నాకు తెలుసు. ప్రసవానికి 1993 నాటి ఫెడరల్ చట్టం ఇచ్చేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా. చంటిపిల్లని చూసే కేంద్రానికి కడితే తన జీతంలో పెద్ద భాగం దానికే పోతుంది. ఆ దేశం ఇవ్వని సెలవుని హైదరాబాదు నుంచి వచ్చిన ఒక తల్లి పూడుస్తుంది. నేను ప్రేమతోనే వెళ్లాను. ఎవరైనా అడిగితే నేనూ అనేదాన్ని, కోరుకునే వచ్చానని. ఆవిడ అన్నదీ అదే మాట, అలాగే ఒకటికి రెండుసార్లు.

అప్పటికి ఇంట్లో ఒక మాట నలుగుతోంది. "ఫ్లాటు ఖాళీగా ఎందుకమ్మా, మెయింటెనెన్స్ దండగ. అమ్మేసి ఆరు నెలలు నా దగ్గర, ఆరు నెలలు అన్నయ్య దగ్గర ఉండు" అని మా అమ్మాయి. అన్నాచెల్లెళ్లిద్దరూ మాట్లాడుకునే అన్నారు. నా ఒంటరితనం గురించి బెంగతోనే అన్నారు. నేను కూడా దాదాపు సరేనన్నాను. ఇటాస్కా నుంచి తిరిగొచ్చాక పదిరోజులు ఆలోచించి, అమ్మనని చెప్పాను. అది కొంచెం చిన్నబుచ్చుకుంది. "మాతో ఉండటం ఇష్టం లేదా అమ్మా?" అని అడిగింది. ఇష్టమే, అందుకే అమ్మట్లేదే అన్నాను. అప్పుడు దానికి అర్థం కాలేదు. వెనక ఇల్లుంటేనే నీ దగ్గరికి రావడం నేను కోరుకుని వచ్చినట్టవుతుంది, లేకపోతే వేరే దారి లేక వచ్చినట్టవుతుంది అని తర్వాత నెమ్మదిగా చెప్పాను.

నాకు ఫ్లాటు ఉంది, పింఛను ఉంది కనక ఈ మాట చెప్పగలిగాను. ఇది నా ధైర్యమేమీ కాదు. పన్నెండు సున్నాల ఆవిడకి ఈ మాట అనే వీలు లేదు. కొయ్‌తాలో సగమైన స్త్రీకి అసలే లేదు. అందరికీ ఆ వీలు కావాలంటే ఇంటి పనికి పట్టిన ఏళ్లు పింఛను లెక్కలో సున్నాలు కాకూడదు, కోత స్త్రీకి బయానా ఆమె చేతికే రావాలి, బండి ఆపుకున్న మనిషి కిటికీ తట్టి లేపకూడదు. స్వేచ్ఛ గురించి మా నలుగురి వాదన ఈ చిన్న చిన్న లెక్కల దగ్గర మొదలవ్వాల్సింది. మేము దాన్ని ఎక్కడో ఆకాశంలో మొదలుపెట్టాం.

డిసెంబరులో తిరిగొచ్చాను. తలుపు మీద బోర్డు మార్పించాను. ఆయన పేరు తియ్యలేదు, కింద నా పేరు చేర్పించాను. ఆవిడ నంబరు నా దగ్గరుంది. 2024 అక్టోబరులో, కోతలు నడుస్తున్నప్పుడు, ఎలా ఉన్నావని సందేశం పెట్టాను. మోకాలు సహకరించక ఆ ఏడు దుంపలకి వెళ్లలేదట. ఎడారికి ముందే వచ్చేశానంది. ఎన్నాళ్లుంటావని అడిగితే, "పద్నాలుగు రోజులు" అని జవాబు వచ్చింది.